జపానోడి టైంలో మలయా తోటల్లో మనోళ్ళకి సోల్జర్లతో ఎలా ఉండేది? ఇంట్లో రెండు రకాల కథలు

బొబ్బిలి_బుజ్జి:
అందరికీ నమస్కారం. మా తాత అన్నగారి కుటుంబం రెండో ప్రపంచ యుద్ధానికి చాలా ముందే మలయా (ఇప్పటి మలేషియా) వెళ్ళిపోయింది, పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో దగ్గర కొబ్బరి తోటలో పని. మా నాన్న 90ల్లో ఒకసారి అక్కడికి వెళ్ళినప్పుడు ఆయన కూతుళ్ళిద్దరి చేత (నాకు అత్తల వరస) మాట్లాడించి కేసెట్‌లో రికార్డ్ చేసుకొచ్చాడు, ఈమధ్యే దాన్ని ఫోన్లోకి ఎక్కించుకుని వింటున్నా.

గొడవేంటంటే ఒకత్తేమో జపాన్ సోల్జర్లు మంచోళ్ళేరా, మమ్మల్ని చూస్తే "గాంధీ గాంధీ" అని నవ్వేవారు, పంచదార కూడా పెట్టారు అంటుంది, ఇంకో అత్త అసలా మాట పడనివ్వదు, నాకు జుట్టు కత్తిరించేసి అన్నయ్య చొక్కా తొడిగి కాలవగట్టు వెనకాల దాచేవారు, నాన్నని రోడ్డు మీద అందరి ముందూ చెంపలు వాయించారు అంటుంది. ఇద్దరూ ఒకే లైన్‌లో (కూలీల ఇళ్ళ వరసలో) ఒకే ఇంట్లో పెరిగినోళ్ళు! మా బావైతే మొదటావిడ చెప్పేదంతా ఐఎన్ఏ (నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్) వాళ్ళు బుర్రలో ఎక్కించిందే అని కొట్టిపారేస్తున్నాడు. అసలేది నమ్మాలి? ఇంకో డౌటు, సోల్జర్లకి జపనీసే, మనోళ్ళకి తెలుగూ తమిళమే, మాటలెలా నడిచేవి?

కూలిం_కుర్రోడు:
రెండూ నిజమే అయ్యుండొచ్చు బ్రో. మాది కెడా, మూడో తరం. ముందొక సంగతి, "జపాన్ సోల్జర్" అంటే ఒకే రకం కాదు. 1941 డిసెంబర్ 8న కోట బారులో దిగినోళ్ళు రెండు నెలలు దాటి కొన్నాళ్ళకే, 1942 ఫిబ్రవరి 15కి సింగపూర్ పట్టేశారు, అంటే ఫ్రంట్‌లో ఉన్నోళ్ళు సైకిళ్ళ మీద తోటల పక్కనుంచి దూసుకుపోయారు తప్ప ఎక్కడా కాపురం పెట్టలేదు. దొరికిన సైకిలు, వాచీ, కోళ్ళు పట్టుకుపోయారు. ఒక్కొక్కడి చేతికి రెండు మూడు వాచీలు ఉండేవని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చెప్తారు. ఆ తర్వాత టౌన్లలో మిగిలినోళ్ళు వేరు, కెంపెతాయ్ అనే మిలిటరీ పోలీసులు వేరు, వాళ్ళ పేరు చెప్తేనే జనం వీధి మార్చేసేవాళ్ళు.

తోట లోపలికి సోల్జరు రావడం తక్కువే. మా తాతకి తగిలింది వంతెన దగ్గర సెంట్రీ. సైకిల్ వెనకాల కర్రపెండలం మూట, దిగి వంగి దండం పెట్టాడు కానీ ఒక చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచాడు, మూట పడిపోద్దని. అంతే, చెంప మీద ఒకటి, ఇంకోటి, తర్వాత రాయి నెత్తిమీద ఎత్తి పట్టుకుని ఎండలో నిలబడమన్నాడు. అయితే తాత ఒకటి చెప్పేవాడు, అదే సెంట్రీని వాడి పైవాడు వచ్చి బటన్ సరిగ్గా లేదని అంతకంటే గట్టిగా పీకాడంట, వాడు చెక్కలా నిలబడి మళ్ళీ వంగి దండం పెట్టాడంట. వాళ్ళ ఆర్మీలో చెంపదెబ్బ రోజూ ఉండే వ్యవహారమే, మనోళ్ళకి మాత్రం రోడ్డు మీద అది పరువు పోవడం.

ఇంకో సోల్జరు మా ఇంటికొచ్చి కోళ్ళు కొనుక్కుని డబ్బులిచ్చి మరీ వెళ్ళాడు. తాత దాన్ని గొప్పగా చెప్పేవాడు, నానమ్మ వెంటనే "ఆ అరటి నోట్లు పొయ్యిలోకే కదా పనికొచ్చాయి" అనేది. జపాన్ వాళ్ళు అచ్చేసిన పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది, 1945లో ఇంగ్లీషోళ్ళు తిరిగొచ్చి అవి చెల్లవన్నారు.

జైహింద్_1943:
ఇక్కడందరూ జపాన్ వాళ్ళని రాక్షసుల్లా చూపించడమే. వాళ్ళు లేకపోతే నేతాజీకి సైన్యం ఎక్కడిది? 1943 జులైలో ఆయన సింగపూర్‌లో దిగితే తోటల్లోంచి కూలోళ్ళు ఒంటి మీద బంగారం తీసిచ్చారు. తెల్లదొర ముందు గొడుగు దించి నడిచినోళ్ళు మొదటిసారి తల ఎత్తుకున్నారు. దాని గురించి ఒక్క ముక్క రాయరే?

ఐపో_అక్క:
రాస్తాం తమ్ముడూ, అది అబద్ధమని ఎవరూ అనట్లేదు. తోటల అమ్మాయిలు ఝాన్సీ రాణి రెజిమెంట్‌లో చేరి తుపాకి పట్టుకోవడం మామూలు సంగతి కాదు. కానీ జపాన్ వాళ్ళు మన ముందు నవ్వింది ఇండియా మీద లెక్క ఉండబట్టి. అదే రోడ్డులో చైనా వాళ్ళ షాపుకి పోయి అడిగితే వేరే కథ చెప్తారు. సింగపూర్ పడిన వారం లోపే 18 నుంచి 50 ఏళ్ళ చైనా మగాళ్ళని వరసలో నిలబెట్టి, వదిలేసినోడికి చెయ్యి మీదో చొక్కా మీదో ముద్ర వేశారు, ముద్ర పడనోళ్ళని లారీలెక్కించి సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి కాల్చేశారు. ఆ ముద్ర చెరిగిపోకూడదని స్నానం మానేసినోళ్ళు ఉన్నారు. దానికి తోడు మలయా చైనా వాళ్ళంతా కలిసి 5 కోట్ల డాలర్లు "కానుక" కట్టాలన్నారు. మా ఐపో పక్కనే పపాన్‌లో సిబిల్ కతిగాసు అనే నర్సు జపాన్ మీద పోరాడే గెరిల్లాలకి వైద్యం చేసిందని కెంపెతాయ్ పట్టుకుని ఎంత చిత్రహింస పెట్టిందంటే, యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో ట్రీట్‌మెంట్ ఇప్పించినా 1948లో పోయింది. జార్జ్ మెడల్ వచ్చింది ఆవిడకి.

బుజ్జీ, ఒకటి చెప్పు. పంచదార అన్న అత్త చిన్నదా, దాక్కున్న అత్త పెద్దదా?

బొబ్బిలి_బుజ్జి:
అవునక్కా కరెక్ట్‌గా అదే! పంచదార అత్తకి అప్పుడు ఏడో ఎనిమిదో, పెద్దత్తకి పదిహేను దగ్గర. నీకెలా తెలిసింది?

ఐపో_అక్క:
తెలియడానికేముంది, ఇక్కడ ఏ ముసలావిడని కదిపినా ఇదే లెక్క. చిన్నపిల్లలంటే చాలామంది సోల్జర్లు ముద్దు చేసేవాళ్ళు, అదే సోల్జరు కంట్లో పెద్దపిల్ల పడకూడదని తల్లులు మసి పూసి, జుట్టు కోసి, తోటల్లోకి తోసేవాళ్ళు. ఊరికే భయం కాదు, టౌన్లలో సైన్యం కోసం ఆడవాళ్ళని బలవంతంగా పెట్టిన ఇళ్ళు నిజంగానే ఉండేవి. మీ బావకి చెప్పు, ఐఎన్ఏ దాకా వెళ్ళక్కర్లేదు, ఒకే సోల్జరు ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించుంటాడు.

మాటల సంగతికొస్తే, బజార్ మలాయ్ (బజార్లో మాట్లాడే మలయ్ భాష) అందరికీ కాస్తో కూస్తో వచ్చు, మిగతాది చేతి సైగలు. బళ్ళలో జపనీస్ మొదలెట్టారు, పొద్దున్నే టోక్యో వైపు తిరిగి వంగడం, కిమిగాయో (వాళ్ళ జాతీయగీతం) పాడటం, కసరత్తు. పిల్లలు నెలల్లో నేర్చేసుకునేవాళ్ళు, అందుకని సోల్జరు ఇంటికొస్తే పెద్దోళ్ళు పిల్లల్నే ముందుకి నెట్టేవాళ్ళు. గడియారాలు కూడా టోక్యో టైంకే తిప్పేశారు, గంటన్నర ముందుకి.

కానీ తోటల్లో మనోళ్ళకి అసలు దెబ్బ తగిలింది సెంట్రీ చేతిలో కాదు. దొరలు 1941 డిసెంబర్లోనే కార్లెక్కి సింగపూర్ పారిపోయారు, రబ్బరు కొనేవాడు లేక పని ఆగిపోయింది, సగానికి పైగా బియ్యం బర్మా, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి రావాలి కాబట్టి అదీ ఆగిపోయింది. చిలగడదుంప, కర్రపెండలం తిని, గోనెసంచి కట్టుకుని బతుకుతున్నోళ్ళ దగ్గరికి వచ్చి సయాంలో రైలు పని ఉంది, మూడు నెలలు, రోజుకి డాలరు, తిండి వాళ్ళదే అన్నారు. ఆ మాట చెప్పింది ఎవరనుకున్నారు? కిరాణీ (తోట ఆఫీసు గుమాస్తా), కంగాణీ (కూలీల మేస్త్రి). సోల్జర్ ఎస్టేట్ ఆఫీసుకొచ్చి ఇంతమంది కావాలని ఒక అంకె చెప్పి పోయేవాడు, పేర్లు రాసేది మనవాడే. తనవాళ్ళని పక్కనపెట్టి ఎవరితో తగాదా ఉందో, ఎవరికి చుట్టాలు లేరో వాళ్ళ పేరు రాసిన కిరాణీల కథలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో గొడవలకి వస్తాయి. వెళ్ళినోళ్ళు తిరిగి రాకపోయేసరికి ఇంకెవరూ కదల్లేదు, అప్పుడు ఫ్రీ సినిమా అని పిలిచి తలుపులేసి లారీలెక్కించారు.

415 కిలోమీటర్ల లైను, సయాంలో బాన్ పోంగ్ నుంచి బర్మాలో తన్‌బ్యూజాయత్ దాకా, 1943 అక్టోబర్‌కి కలిపేశారు. తెల్ల ఖైదీలు 60 వేల పైనే, అందులో 12 వేల పైచిలుకు పోయారు. ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉన్నారు, పోయినోళ్ళు 90 వేలని ఎక్కువగా చెప్తారు, అదీ అంచనానే. ఒక్క మలయా నుంచే 70 వేలకి పైగా వెళ్ళారు, ఎక్కువమంది తమిళులు, వాళ్ళలో మన తెలుగోళ్ళూ. ఖైదీలకి వాళ్ళ ఆఫీసర్లు, డాక్టర్లు ఉన్నారు, నీళ్ళు కాచుకుని తాగండని చెప్పేవాడు ఉన్నాడు. కూలీలకి ఎవరూ లేరు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు క్యాంపులకి క్యాంపులు ఖాళీ అయిపోయాయి. ఇంకా మండే విషయం ఏంటంటే, ప్రపంచంలో మలేరియా మందు క్వినైన్ తీసే సింకోనా బెరడు దాదాపు అంతా జావా నుంచే వచ్చేది, జావా అప్పుడు జపాన్ చేతిలోనే ఉంది, అయినా మలేరియాకి కూలీ నోట్లో మాత్ర పడలేదు.

జైహింద్ తమ్ముడూ, రైలు తప్పించుకోడానికే ఐఎన్ఏలో చేరినోళ్ళు కూడా బోలెడుమంది. దేశభక్తి లేదని కాదు, రెండూ ఉంటాయి మనిషికి.

జైహింద్_1943:
రైలుకి మనోళ్ళని తోలడం ఆపమని నేతాజీ ప్రభుత్వం అడగలేదా మరి? సరే అక్కా, కిరాణీల సంగతి మాత్రం నాకు కొత్త.

కాకినాడ_శ్రీను:
టాపిక్‌కి కాస్త పక్కగా. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా మా కాకినాడ మీదా బాంబులు పడినప్పుడు జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి పరిగెత్తారు, మా ఇంట్లో ఇప్పటికీ ఏ హడావిడైనా "ఏంటి జపానోడొచ్చాడా" అంటారు. ఇక్కడ ఒక్క సోల్జరూ దిగలేదు. అక్కడ ఉన్నోళ్ళకి అసలు సంగతి తెలుసు.

బొబ్బిలి_బుజ్జి:
అక్కా నువ్వు రాసింది చదివాక కేసెట్ రెండో వైపు మళ్ళీ విన్నా. పెద్దత్త "చిన్నాన్న మూడు నెలలకని సయాం పోయాడు" అని ఒక్క వాక్యం అని వెంటనే టాపిక్ మార్చేస్తుంది, ఇన్నాళ్ళూ ఏదో ఉద్యోగానికి వెళ్ళాడనుకున్నాం. ఆయన పేరు ఎక్కడైనా దొరుకుతుందా? థాయ్‌లాండ్‌లో ఆ రైలు దారిలోని కాంచనబురిలో సమాధుల మీద పేర్లు ఉంటాయని విన్నా.

కూలిం_కుర్రోడు:
ఆ పేర్లు ఖైదీలవి బ్రో. కాంచనబురి స్మశానంలో దాదాపు 7 వేల సమాధులు, పేరు, రెజిమెంటు, వయసుతో సహా గడ్డి కత్తిరించి శుభ్రంగా ఉంచుతారు. కూలీలకి అట్లా ఒక్కొక్కరికీ రాయి లేదు, 1990లో అక్కడే పొలంలో తవ్వితే ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. ఇంకోటి, మా కెడాని 1943 అక్టోబర్లో జపాన్ వాళ్ళు సయాంకి రాసిచ్చేశారు, అందుకని మావైపు ముసలోళ్ళు "సయాం" అంటే ఒక్కోసారి ఆ పాలన గురించి కూడా కావొచ్చు, కానీ మీది పేరాక్, మూడు నెలలన్నారంటే రైలే.

ఐపో_అక్క:
బుజ్జీ, పేరు కోసమైతే ఎస్టేట్ చెక్‌రోల్ (కూలీల హాజరు) పుస్తకాలు మిగిలి ఉంటే అదృష్టం, చాలా చోట్ల తగలబెట్టేశారు. సింగపూర్ నేషనల్ ఆర్కైవ్స్‌లో జపాన్ కాలం మీద జనం చేత మాట్లాడించిన రికార్డింగులు చాలా ఉన్నాయి, తమిళంలో కూడా, ఆన్‌లైన్లో వెతకొచ్చు. అన్నిటికంటే ముందు ఆ కేసెట్‌లో తోట పేరు, కంగాణీ పేరు ఎక్కడైనా వినిపిస్తుందేమో చూసి నాకు మెసేజ్ పెట్టు, కంగాణీ పేరు మాత్రం ఇక్కడ బయట రాయకు, వాళ్ళ మనవలు ఇదే ఊళ్ళో ఉన్నారు. బాగన్ దాతోలో మా పెద్దమ్మ వాళ్ళున్నారు, వచ్చే నెల సంబంధం చూడ్డానికి ఎలాగూ వెళ్తున్నా, అడిగి చెప్తా.