వైజాగ్‌లో శని, ఆదివారాలు ఎలా గడపాలి?

ట్రైనింగ్ కోసం కరీంనగర్ నుంచి వచ్చాను. ఇక్కడ తెలిసినవాళ్లు లేరు. ఊరు చూడాలి, నలుగురితో మాట్లాడాలి కూడా. గదిలో ఒక్కదాన్నే ఉంటే దిగులుగా ఉంది.

జవాబు: ముందు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లమ్మా. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. ఆ ఇరుకులో నావికుల పడకలు చూస్తే మనసు కదులుతుంది. సోమవారం సెలవు. బయటికొచ్చాక మురీ మిక్చర్ తిను. ఆదివారం పొద్దున్నే కాళీమాత గుడి దగ్గర మేం కొందరు ఆడవాళ్లం కలిసి నడుస్తాం, నువ్వూ రా.

జవాబు: భీమిలి దారిలో తొట్లకొండ వదలకండి. బౌద్ధారామం శిథిలాల దగ్గర నిలబడితే కింద సముద్రమంతా కనిపిస్తుంది. ఎండెక్కకముందే వెళ్లండి, నీళ్లు తీసుకెళ్లండి.

అడిగినామె: చాలా థాంక్సండీ. అక్కా, ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?