మామిడి క్రేట్లు లాగే ఏటీవీకి పెద్ద టైర్లు వేయించాలా? లోడుతో దిగేటప్పుడు బ్రేకు ఆగట్లేదు

పాకాల తోపు:

అందరికీ నమస్తే. మాది పాకాల దగ్గర, గుట్ట వారన ఆరెకరాల మామిడి తోపు. ఎక్కువ తోతాపురి, కింది మడిలో కొన్ని బేనీషా చెట్లు. కొమ్మలు నేలకు వంగి ఉంటాయి, ట్రాక్టరు లోపలికి రాదు. పైన కోసిన కాయను కింద బండిబాట దాకా ఇదివరకు మనుషులే తలమీద మోసేవాళ్లు. ఇప్పుడు ఆ మనుషులు దొరకట్లేదు. అందుకని బెంగళూరు వైపు ఒక రిసార్టు వాళ్లు అమ్మేసిన పాత ఏటీవీ (బైకు మాదిరి హ్యాండిలు, నాలుగు లావు టైర్లు ఉండే బండి) కొన్నాను. పిల్లల్ని తిప్పిన బండి, నా దగ్గర కాయలు తిప్పుతోంది. వెనక తగిలించేది వెల్డింగ్ షాపులో చేయించిన రెండు చక్రాల ట్రైలరు. దానికి పాత ఆటో చక్రాలు, బ్రేకు లేదు.

మొన్న జూన్‌లో వాన పడిన మర్నాడు 18 క్రేట్లు వేసుకుని దిగుతున్నా. క్రేటు 20 కిలోలకు తగ్గదు. అప్పటికి అది ఏడో ట్రిప్పో ఎనిమిదో ట్రిప్పో. సగం దిగేసరికి బ్రేకు మెత్తబడింది, ట్రైలరు వెనకనుంచి తోయడం మొదలుపెట్టింది. భయంతో చేతి బ్రేకు, కాలి బ్రేకు రెండూ గట్టిగా పట్టేశా. వెనక చక్రాలు బిగుసుకుని ఎర్రమట్టిలో జారాయి, ట్రైలరు పక్కకు మడత పడింది. రాతికట్ట అడ్డం లేకపోతే వంకలో ఉండేవాణ్ణి. మోచెయ్యి గీసుకుపోయింది, నాలుగు క్రేట్ల కాయ చితికింది. ఇంట్లో మాత్రం 'కొంచెం జారింది' అని చెప్పా.

తిరుపతిలో ఒక టైర్ల షాపు అతను 27 అంగుళాల మడ్ టైర్లు, వెడల్పాటి అల్లాయ్ వీల్స్ వేయించుకోమంటున్నాడు. ఇప్పుడున్నవి ముందు 25×8-12, వెనక 25×10-12. వేయించమంటారా? తోతాపురి ధర ఎట్లా ఉందో మీకు తెలిసిందే. 2025లో గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలంటే అదే గొప్ప అనుకున్నాం. ఊరికే ఖర్చు పెట్టే పరిస్థితి లేదు.

చంద్రగిరి కుర్రోడు:

అన్నా, ముందు ఒకటి చెప్పు. టైర్లలో గాలి ఎంత ఉంది?

పాకాల తోపు:

పంక్చరు షాపులో 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) పెట్టించా తమ్ముడూ. లోడు వేస్తాం కదా అని.

చంద్రగిరి కుర్రోడు:

20 ఆ? అది స్కూటర్‌కు పెట్టే లెక్క అన్నా. ఇవి బుడగల మాదిరి టైర్లు, ఐదారు పీఎస్ఐ మీద నడిచేవి. నీ టైరు మధ్యలో ఒక పట్టీ మాత్రమే నేలకు ఆనుతా ఉంటుంది, తడిమట్టిలో ఇంకేం పట్టు ఉంటుంది?

రేణిగుంట రోడ్డు షెడ్డు:

కుర్రోడు సరిగ్గా పట్టాడు. నా షెడ్డుకు వచ్చే ఏటీవీలు తక్కువే, ఏడాదికి పది ఉంటాయేమో. వాటిలో సగం ఇదే జబ్బుతో వస్తాయి. బంకులో గేజీ అంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు. తక్కువ ప్రెషర్ గేజీ విడిగా కొనుక్కోండి. బండి మీద స్టిక్కరు ఉంటుంది, మామూలుగా ఎంత, లోడుతో ఎంత అని రాసి ఉంటుంది. రిసార్టు వాళ్లు పీకేసి ఉంటే మాన్యువల్ వెతకండి. టైరు గోడ మీద రాసిన అంకె దాటకూడదు. ట్రైలరు ఆటో టైర్లకు మాత్రం ఈ లెక్క కాదు, వాటి గాలి వాటికి ఉండాల్సిందే.

ఇక 27 సంగతి. 25×10-12 అంటే ఎత్తు 25 అంగుళాలు, వెడల్పు 10, రిమ్ము 12. బ్రేకు డిస్కు (చక్రంతో తిరిగే ఇనుప పళ్లెం) మారదు, పట్టే బలం మారదు. చక్రం ఎత్తు పెరిగితే అదే బలం నేల దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది. 25 నుంచి 27కు పోతే వందకు ఏడు పాళ్లు బ్రేకు పోయినట్టే. ఎక్కేటప్పుడు లాగే బలం కూడా అంతే పోతుంది, ఇంజిను బలాన్ని చక్రాలకు అందించే బెల్టు కాలే వాసన అప్పుడు మొదలవుతుంది. పైగా మడ్ టైరు బరువు. బ్రేకు ఆగట్లేదని వచ్చిన మనిషికి బ్రేకు తగ్గించే సరుకు అమ్మడమంటే ఏమనాలి!

మీ టైర్లు అరిగి ఉంటే అదే సైజులో 6 ప్లై వేయించండి. అందులో ఆరు పొరలు లెక్కపెట్టి ఉంటాయని కాదు, ఆ తరగతి బలం అని అర్థం. మీ గుట్టల్లో సీమతుమ్మ ముళ్లకు, రాళ్లకు 2 ప్లై నిలబడదు. గుబ్బలు మరీ లోతుగా ఉన్న మడ్ టైరు వద్దు, అది బురదగుంటలకు. ఎర్రమట్టీ గులకరాళ్లూ కలిసిన నేలకు గుబ్బలు దగ్గరదగ్గరగా ఉండేదే మేలు. ఇంజిను బలం నాలుగు చక్రాలకూ అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు ఒక ఎత్తు, వెనక ఒక ఎత్తు వేయకండి, గేరుబాక్సు తినేస్తుంది. కొత్తవి రెండే కొని, అరిగినవి రెండు ఉంచడం కూడా దాదాపు అదే తప్పు.

వీల్స్: అల్లాయ్ చూడ్డానికి బాగుంటుంది. రాయి తగిలితే పగులుతుంది. ఇనుప రిమ్ము వంగుతుంది, సుత్తితో సరిచేసి గాలి పట్టించుకోవచ్చు. తోపులో పని చేసే బండికి ఇనుమే. మార్చక తప్పకపోతే బోల్టుల మధ్య దూరం కొలిపించండి. అన్నిటికీ నాలుగే బోల్టులు అని మోసపోవద్దు, కొన్నిటికి 110 మిల్లీమీటర్లు, కొన్నిటికి 137, కొన్నిటికి 156. వెడల్పు రిమ్ము బయటకు పొడుచుకు వస్తే బండి స్థిరంగా ఉన్నట్టే అనిపిస్తుంది కానీ బేరింగులు తొందరగా పోతాయి, హ్యాండిలు బరువెక్కుతుంది.

అయ్యోరు:

రిటైరైన ఫిజిక్సు టీచర్ని. మీ గుట్ట దిగుడు నిలువుగా ఎంత ఉంటుంది?

పాకాల తోపు:

కొలవలేదు సార్. పదంతస్తుల మేడంత ఉంటుంది.

అయ్యోరు:

30 మీటర్లు అనుకుందాం. బండి, మీరు, ట్రైలరు, కాయలు కలిపి 850 కిలోలు. కిందికి వచ్చేసరికి 250 కిలోజౌళ్లు ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ముప్పావు లీటరు పైచిలుకు నీళ్లను కాగబెట్టే వేడి అది. అంతా బ్రేకుల మీదే వేస్తే, డిస్కులన్నీ కలిపి నాలుగు కిలోల ఇనుము అనుకున్నా, ఒక్క ట్రిప్పుకే 130 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. గాలికి కొంత చల్లారినా, వెంటవెంటనే ఎనిమిది ట్రిప్పులు వేశారు.

బ్రేకు మెత్తబడింది అన్నారు కదా, అక్కడే ఉంది విషయం. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిన పాతది 155కే మరగవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. మీరు లివరు నొక్కితే ఆ బుడగలే నలుగుతాయి, డిస్కును పట్టే ప్యాడ్లు కదలవు. రిసార్టు వాళ్లు ఆయిలు మార్చిన గుర్తు ఏమైనా ఉందా?

పాకాల తోపు:

మూత తీసి చూశా సార్. కాఫీ డికాషన్ రంగులో ఉంది.

మొగిలి ఘాట్ పాత డ్రైవరు:

ఇరవై ఏళ్లకు పైగా చిత్తూరు, బెంగళూరు మధ్య లారీ తోలినాను. మొగిలి ఘాట్‌లో బ్రేకు లైనర్లు కాలిన వాసన ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. మాకు మా గురువు చెప్పింది ఒకటే. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. బ్రేకు కాలికింద ఊరికే పట్టుకుని ఉండకు, ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించు, వదులు, చల్లారనీ.

అబ్బాయ్, నీది బెల్టు బండి అంటున్నారు. దాంట్లో ఒక మెలిక ఉందంట, మా మనవడు చెప్పాడు. షెడ్డు ఆయన చెప్పాలి.

రేణిగుంట రోడ్డు షెడ్డు:

నిజమే పెద్దాయనా. కొన్ని బెల్టు బండ్లలో థ్రాటిల్ (యాక్సిలరేటరు) పూర్తిగా వదిలేస్తే, ఇంజిను తిరిగే వేగం పడిపోయి క్లచ్చు విడిపోతుంది. ఇక ఇంజిను పట్టదు, న్యూట్రల్‌లో దిగినట్టే. ఖాళీ బండితో చిన్న వాలు మీద లో గేరులో పెట్టి, థ్రాటిల్ వదిలి చూడండి. ఇంజిను పట్టుకుంటే మంచిది. జారిపోతుంటే, అలాంటి బండికి రవ్వంత థ్రాటిల్ ఇచ్చి క్లచ్చు పట్టేలా ఉంచుకుని దిగాలి. వేగం అందుకున్నాక కాదు, పైన బయల్దేరేటప్పుడే లో గేరు వేయాలి.

ట్రైలరులో బరువు ఎక్కడ పెట్టారన్నది కూడా చూడండి. ఇరుసుకు వెనకగా ఎక్కువ పడితే హిచ్చు (ట్రైలరును బండికి తగిలించే చోటు) పైకి లేచి మీ వెనక చక్రాల పట్టు తీసేస్తుంది. ట్రైలరు, కాయల మొత్తం బరువులో వందకు పది పాళ్లు హిచ్చు మీద ఉండాలి. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషనును హిచ్చు కింద పెడితే తెలిసిపోతుంది. క్రేట్లు మూడు వరసలు పేర్చకండి. లాగే బరువు ఎంత అన్న అంకె చదును నేలకు రాసింది, మీ గుట్టకు కాదు. టైర్లకు దాచిన డబ్బుతో ట్రైలరు చక్రాలకు బ్రేకు పెట్టించండి. బండి నెమ్మదిస్తే ట్రైలరు ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోసే బలానికే పట్టే బ్రేకులు ఉంటాయి.

పాకాల తోపు:

పది రోజుల తర్వాత రాస్తున్నా. బ్రేకు ఆయిలు మొత్తం తీసి కొత్తది పోయించా. ముందు ప్యాడ్లు గాజు మాదిరి నున్నగా మెరుస్తున్నాయి, అవీ మార్పించా. గాలి దించితే బండి వేరే బండిలా ఉంది, నడుం నొప్పి కూడా తగ్గింది. షెడ్డు అన్న చెప్పిన పరీక్ష చేశా, నా బండి థ్రాటిల్ వదిలితే జారిపోయే రకమే. మిషను పెడితే హిచ్చు మీద నాలుగు కిలోలే చూపించింది. ఇరుసును వెనక్కి జరిపి వెల్డింగ్ చేయించా, ట్రైలరు బ్రేకుకు అడ్వాన్సు ఇచ్చా. అది వచ్చేదాకా ట్రిప్పుకు 8 క్రేట్లే.

27 అంగుళాల టైర్లు కొనలేదు. ఆ షాపు అతను ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

చంద్రగిరి కుర్రోడు:

అన్నా, చితికిన కాయ ఏం చేశావ్?

పాకాల తోపు:

మా అమ్మ ఉప్పూకారం వేసి ఎండబెట్టింది. రా, తిందువు.