పిడుగుపాటా, పిడుగుపోటా?

ఆమదాలవలస సభ్యుడు: మా ఊళ్లో పాత లైన్‌మన్ ఒకాయన “పిడుగుపోటుకు ఫ్యూజు అడ్డు కాదు, ఎర్తే దిక్కు” అనేవారు. ఆ తర్వాత మరో ముక్క ఉండేది కానీ గుర్తుకు రావడం లేదు. ఎవరైనా పూరించగలరా?

బొబ్బిలి సభ్యురాలు: మీరు విన్నది ‘పాటు’ అయివుండాలి. చెడు చేటైనట్టే పడు పాటైంది. పిడుగు పడుతుంది, పొడవదు.

టెక్కలి సభ్యుడు: అమ్మా, వ్యుత్పత్తి సరే, కానీ ఆయన తీగల మీద పనిచేసిన మనిషి. పిడుగు నేరుగా తీగ మీద పడితే అది పాటు. పక్కనున్న తాటిచెట్టు మీద పడినా, ఆ మెరుపు ప్రవాహపు అయస్కాంత క్షేత్రం వల్ల తీగల్లో ఓల్టేజి ఒక్కసారిగా ఎగసి ఇంట్లో టీవీ దాకా వస్తుంది. ఇంగ్లీషువారి సర్జ్ అదే, మన పోటూ అదే. కత్తికీ సముద్రానికీ కూడా ఆ మాటే వాడుతున్నాం కదా!

విజయనగరం సభ్యుడు: సముద్రపు పోటును ఇందులోకి తేకండి. అది గంటల తరబడి సాగుతుంది. సర్జ్ రక్షణ సాధనాలను పరీక్షించే ప్రామాణిక ప్రవాహ తరంగం 8 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి, మొదలైన 20 మైక్రోసెకన్లకు సగానికి పడిపోతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృత్తికే 20 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే వెయ్యి రెట్లు. తీగ వేడెక్కి కరగాల్సిన ఫ్యూజుకు అంత వ్యవధి ఎక్కడిది? ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెనుగులోకీ తెచ్చిన మా ఆదిభట్ల నారాయణదాసు గారైతే దీనికి ఇంతకన్నా పదునైన మాట పుట్టించేవారు.

బొబ్బిలి సభ్యురాలు: దాసుగారు పుట్టిన అజ్జాడ మా బొబ్బిలి వైపుదే కనుక, ఆయన తరఫున నేనూ మాట్లాడవచ్చు. నాకైతే ‘పొంగు’ మేలనిపిస్తోంది.

టెక్కలి సభ్యుడు: పాలు పొంగడానికైనా ఇంతకన్నా ఎక్కువసేపే పడుతుంది. గంటల తరబడి సాగే పోటు కూడా కరెంటులో ఉంది. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగివెళ్లే తీగ, తెగితే 230 ఓల్టులు రావలసిన ఇంటికి 400కు దగ్గరగా రావచ్చు, అది సరిచేసేదాకా తగ్గదు. సర్జ్ ప్రొటెక్టరులోని జింక్ ఆక్సైడ్ వేరిస్టరు మామూలు ఓల్టేజి వద్ద దాదాపు కదలక ఉండి, అది మితిమీరగానే నిరోధం తగ్గించుకొని ప్రవాహాన్ని పక్కకు, ఎర్తు వైపు మళ్లిస్తుంది. క్షణికమైన కత్తిపోటును అది కాస్తుంది కానీ, సముద్రపు పోటు వంటి ఈ రెండోదాన్ని మోయలేక తానే కాలిపోతుంది.

విజయనగరం సభ్యుడు: అలాగైతే ‘ఎర్తే దిక్కు’ అన్నది మొదటి పోటుకే చెల్లుతుంది. అయినా ఆ తరం లైన్‌మన్ ‘ఎర్తు’ అన్నారా, ‘నేల’ అన్నారా?

ఆమదాలవలస సభ్యుడు: ‘ఎర్తు’ అనే అన్నారు, అందులో నాకు సందేహం లేదు. నేను అడిగింది ఆ తర్వాతి ముక్క గురించి.

బొబ్బిలి సభ్యురాలు: ‘నేలే దిక్కు’ అంటేనే నడక కుదురుతుంది, మరొకసారి చదివి చూడండి.