హెడ్‌మాస్టర్ తీరును బట్టి టీచర్ల పనితీరు మారుతుందా? కొలిచేదెలా?

నమస్కారం. ఎం.ఎడ్. డిసర్టేషన్ కోసం ప్రధానోపాధ్యాయుల నాయకత్వ శైలికీ, టీచర్ల పనితీరుకీ ఉన్న సంబంధం మీద పని చేస్తున్నాను. శైలుల దగ్గర ఇబ్బంది లేదు. 1939లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు చెప్పిన మూడు రకాలే తీసుకున్నాను: అంతా తానే నిర్ణయించేవారు, అందరినీ అడిగి చేసేవారు, పట్టించుకోకుండా వదిలేసేవారు. (వాళ్లు గమనించింది పదేళ్ల పిల్లల బృందాలను, టీచర్లను కాదు. అది వేరే సంగతి.)

చిక్కంతా పనితీరు దగ్గరే. మొన్న ఒక స్కూల్లో టీచర్లకు ప్రశ్నల ఫారాలు పంచితే, ఒక మేడమ్ పెన్ను పట్టుకుని రెండుసార్లు హెచ్‌ఎం గది తలుపు వైపు చూసి, పైనుంచి కింది దాకా "పూర్తిగా అంగీకరిస్తాను" గడిలోనే టిక్కులు పెట్టేశారు. పైగా హెచ్‌ఎం గురించీ, తన పని గురించీ చెప్పేది ఒకే మనిషి. హెచ్‌ఎం నచ్చితే రెండూ బాగున్నాయంటారు. ఆ లెక్కను నమ్మేదెలా? పోనీ పిల్లల మార్కులు చూద్దామంటే, వాటిలో ఇంటి పరిస్థితులూ కలిసిపోతాయి.

ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? క్లాసులో కూర్చుని పరిశీలించడం ఒక్కరి వల్ల అయ్యే పనేనా? ఫారంలో పేరు తీసేసినా, ఉన్న ఒక్క లెక్కల టీచర్ ఎవరో సబ్జెక్టు చూస్తేనే తెలిసిపోతుంది కదా, దాన్ని మీరు ఎలా దాటారు?