స్లో కుక్కర్‌లో చికెన్ నూడుల్ సూప్: నూడుల్స్ ఎప్పుడు వేయాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఊరు మారుతూ తన స్లో కుక్కర్‌ను (సన్నని వేడిమీద గంటల తరబడి వండే కరెంటు గిన్నె) మా ఇంట్లో వదిలి వెళ్ళింది. జ్వరం తగ్గాక మా వారికి నోటికి ఏదీ సహించడం లేదని, గత ఆదివారం అందులో చికెన్ నూడుల్ సూప్ పెట్టాను. ఉదయం తొమ్మిదింటికి అరకిలో బోన్‌లెస్ చికెన్, ఉల్లిపాయ, మిరియాలు, నూడుల్స్, అన్నింటికన్నా పైన క్యారెట్ ముక్కలు వేసి, నీళ్ళు పోసి, ‘లో’ (తక్కువ వేడి) మీద ఉంచి చీపురుపల్లిలో పెళ్ళికి వెళ్ళాము. సాయంత్రం నాలుగింటికి వచ్చి మూత తీస్తే నూడుల్స్ ముద్దయిపోయి, గరిటె నిలబెడితే నిలబడింది. రసానికి రుచి లేదు, క్యారెట్ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. మధ్యలో గంటన్నర సేపు కరెంటు పోయిందని పక్కింటివారు చెప్పడంతో మొత్తం పారబోశాను. తప్పు ఎక్కడ జరిగింది? వంటకాలలో సెలరీ వేయమంటున్నారు, మాకు ఇక్కడ దొరకలేదు.

జవాబు (రాజాం నుంచి)

అమ్మా, బోన్‌లెస్ తీసుకోవడమే మొదటి పొరపాటు. ఎముకలనూ కీళ్ళనూ అంటిపెట్టుకుని ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్ సన్నని వేడిమీద గంటల తరబడి ఉడికితేనే జెలటిన్‌గా మారి రసానికి చిక్కదనం ఇస్తుంది; అలా కుదిరిన రసాన్ని ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పెరుగులా తోడుకుంటుంది. మన పెద్దలు దాలిలో పిడకల సెగమీద పాలు కాచినది ఈ పద్ధతిలోనే కదా. ఎముకలతో ఉన్న ఫారం కోడి తొడ ముక్కలు ముప్పావు కిలో తీసుకోండి. క్యారెట్ మాంసంకన్నా నిదానంగా ఉడుకుతుంది కాబట్టి దాన్ని అడుగున పరచి, పైన చికెన్, ఉల్లిపాయ, చితక్కొట్టిన అల్లం, వెల్లుల్లి, పదిహేను మిరియాలు వేసి, లీటరున్నర వేడినీళ్ళు పోసి ‘లో’ మీద ఆరు గంటలు వదిలేయండి. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి చేరడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. తొడ ఎముకను పట్టి మెలిపెడితే మాంసం నుంచి ఊడి రావాలి. అప్పుడు ముక్కలు తీసి, ఎముకలు ఏరేసి, మాంసాన్ని పీచులుగా విడదీసి మళ్ళీ రసంలో కలపండి. నూడుల్స్‌ను మాత్రం పొయ్యిమీద విడిగా ఉడికించి, వడ్డించేటప్పుడు గిన్నెలో వేసి పైన రసం పోయండి. సెలరీకి బదులు కొత్తిమీర కాడలు, ఒక వాము ఆకు చాలు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క వాము ఆకుతో తప్ప. ఆ ఘాటు జ్వరం పడి లేచిన నోటికి మందు తాగినట్టే ఉంటుంది. కరెంటు సంగతికి వస్తే, మీరు పారబోసి మంచి పని చేశారు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య మాంసంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, కొన్ని విడిచే విషం మళ్ళీ మరిగించినా పోదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోతే గిన్నె ఎంత చల్లబడిందో తెలుసుకునే దారి లేదు. మనిషి ఉంటే మాత్రం వెంటనే గిన్నె మార్చి గ్యాస్‌మీద ఉడికించడం పూర్తి చేయవచ్చు. గడ్డకట్టిన చికెన్‌నూ నేరుగా వేయకండి, ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించండి. నాటుకోడి అయితే ఆరు గంటలు చాలవు. మేము ముందు ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిస్తాము.

జవాబు (బొబ్బిలి నుంచి)

కుక్కర్ అమెరికా నుంచి వచ్చినదైతే అడుగున వోల్టేజి చూడండి. 120 వోల్టులదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కుక్కర్ ఇక్కడిదే, 230 అని ఉంది. నిన్న ఇంట్లోనే ఉండి తొడ ముక్కలతో చేశాను, దించాక అర చెక్క నిమ్మరసం పిండాను. మా వారు రెండు గిన్నెలు తాగారు. మిగిలిన రసం ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంచవచ్చు?

జవాబు (రాజాం నుంచి)

మూడు రోజులమ్మా, నూడుల్స్ కలపకుండా. తాగేముందు తెర్ల మరిగించండి.