చురుకైన పిల్లలు "ఎవరి నీతి వాళ్ళది" అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న:
9–11 ఏళ్ళ పిల్లలు, 12 మంది. అందరూ వయసుకు మించి చదివేవాళ్ళే. ఇళ్ళు వేర్వేరు మతాలవి, దేవుణ్ణి నమ్మని ఇళ్ళూ ఉన్నాయి. నీతి గురించి ఏది ఎత్తినా రెండు నిమిషాల్లో "మీకు తప్పయితే మాకూ తప్పవ్వాలా? ఎవరి నీతి వాళ్ళది" అని తుంచేస్తున్నారు. నీతికథ మొదలుపెడితే ముగింపు వాళ్ళే చెప్పేసి నవ్వుతారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలండీ?

పలకాబలపం:
ముందు ఆచారాన్నీ నీతినీ వాళ్ళ చేతే విడదీయించండి. పిల్లలు తప్పొప్పులను ఎలా చూస్తారో పరిశోధించిన మనస్తత్వవేత్త ఇలియట్ ట్యూరియెల్ అడిగే తరహా ప్రశ్న చాలు: "ఇక్కడ ఆ నియమమే లేదనుకో, పెద్దలు కూడా సరే అన్నారనుకో. అప్పుడూ తప్పేనా?" యూనిఫాం లేకుండా రావడం అప్పుడు తప్పు కాదు. పక్కవాణ్ణి తోసేయడం అప్పుడూ తప్పే. బడి ఈడు రాని పిల్లలకే ఈ తేడా తెలుస్తుంది కాబట్టి మీవాళ్ళు కాదనలేరు. ఇరవై చీటీల మీద ఇరవై పనులు రాసి రెండు కుప్పలు పెట్టించండి. ఏ కుప్పలోనూ ఇమడనివి కొన్ని మిగులుతాయి: ఒక ఇంట్లో వట్టి అలవాటు, ఇంకో ఇంట్లో పాపం. అసలు పాఠం అక్కడుంది. తీర్పు చెప్పకండి, విడిగా పెట్టి మరో వారం తీయండి.

మధ్యేమార్గం:
పై మాటకు తోడు, చర్చకు ఒక కట్టుబాటు కావాలి. జర్మన్ మనస్తత్వవేత్త గేయోర్గ్ లిండ్ రూపొందించిన కాన్‌స్టాంజ్ పద్ధతి అలాంటిదే: ఎటూ తేలని నైతిక చిక్కు ఒకటి ఇచ్చి, నియమాల ప్రకారం చర్చ నడపడం. దానికి 90 నిమిషాలు పడుతుంది. ఈ వయసుకు దాన్ని రెండు రోజులకు పంచండి. చిక్కు ఒక్కటే ఇవ్వండి: స్నేహితుడు పోటీలో కాపీ కొట్టాడు, బహుమతి వాడికొచ్చింది, చూసింది నువ్వొక్కడివే. చెప్పాలా, వద్దా? ఓటు వేయించి, ఒకే పక్షంవాళ్ళను ముగ్గురు నలుగురిగా కూర్చోబెట్టి కారణాలు రాయించండి. తర్వాత చర్చ. మాట్లాడినవాడే ఎదుటి పక్షం నుంచి తర్వాతి వక్తను పిలవాలి, మనిషిని విమర్శించకూడదు. చివర్లో ఎదుటి పక్షం చెప్పినవాటిలో గట్టి కారణమేదో ప్రతి ఒక్కరూ చెప్పాలి, ఆపైన మళ్ళీ ఓటు. వితండవాదానికి మందు ఈ చివరి మెట్టే. టైం చాలక దీన్నే ఎగ్గొడతారు, ఇక మిగిలేది వాగ్వాదం.

చురుకైనవాళ్ళు కథలో లొసుగులు వెతుకుతారు ("సీసీ కెమెరా ఉంటుందిగా!"). ఐదు నిమిషాలు వెతకనివ్వండి, తర్వాత "అవన్నీ మూసేశాం" అనేయండి.

చీటీ_ఓటు:
ఒక్క సవరణ. చేతులెత్తించకండి, చీటీల మీద వేయించండి. గ్రూపులో అందరికన్నా తెలివైనదని పేరున్న పిల్ల చెయ్యి ఎటు లేస్తే మిగతావి అటే లేస్తాయి.

ఇంకోటి: బాగా వాదించేవాళ్ళు బాగా ప్రవర్తిస్తారని లేదు. పదేళ్ళ పిల్ల న్యాయం గురించి పెద్దదానిలా మాట్లాడి, ఆటలో ఓడితే బోర్డు విసిరేస్తుంది. అది నటన కాదు; బుద్ధి ముందు పరిగెత్తింది, మనసు వయసుతోనే నడుస్తోంది. అప్పుడు చర్చ పెట్టొద్దు. ఎవరికి ఏం నష్టమైంది, ఏం చేస్తే సరవుతుంది, ఎప్పటిలోగా: మూడు వాక్యాలు రాయించి ఆ పని చేయించండి. యుద్ధవార్త విని నిద్రపోని పిల్లలకు మరిన్ని వివరాలు ఇవ్వకండి, వాళ్ళ చేతిలో అయ్యే చిన్న పని ఒకటి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
రెండు కుప్పల చీటీలతోనే మొదలుపెడతాను. మతవిశ్వాసాలున్న చిక్కులు వద్దంటారా?

పలకాబలపం:
మొదటి నాలుగైదు చర్చల్లో వద్దు. తర్వాత కూడా ఏ పిల్లనీ "మీ మతం ఏమంటుంది?" అని అడగొద్దు, తానే చెబితే వినండి. చిక్కు కాగితాన్ని ముందురోజే ఇళ్ళకు పంపితే సగం ఫిర్యాదులు రావు.