సీకో 5 ఆటోమేటిక్ చుట్టుకోవడం లేదు: బాగుచేయించాలా, మిషన్ మార్చేయాలా?

గంటస్తంభం (విజయనగరం):
మా మావయ్య గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో కొన్న సీకో 5 ఆటోమేటిక్ వాచీ. లోపల 7ఎస్26 మిషన్. రోజంతా చేతికి ఉన్నా, రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆగిపోతోంది. ఊపితే నడుస్తుంది, కాసేపటికి మళ్లీ అంతే. ఇక్కడ షాపులో చూపిస్తే "పాత మిషన్‌తో కుస్తీ ఎందుకు బాబూ, ఎన్‌హెచ్36 అని కొత్త మిషన్ వేసేస్తాను" అన్నారు. మావయ్య ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
మార్చేయండి. ఎన్‌హెచ్36 కూడా సీకో వాళ్లదే. డయలు, ముళ్లు పాతవే ఉంచుకోవచ్చు. 7ఎస్26కి చేత్తో కీ ఇచ్చే వీల్లేదు, కొత్తదానికి ఉంది. సెకన్ల ముల్లు ఆపి టైము కలుపుకోవచ్చు. సరైన సర్వీసింగ్‌కి పెట్టే డబ్బుకి ఇంచుమించు కొత్త మిషనే వస్తుంది.

బొబ్బిలి:
మావయ్యగారు రిటైరయ్యారా? ఆటోమేటిక్‌కి చెయ్యి ఆడుతుండాలి. పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ గడిపితే మంచి వాచీ కూడా రాత్రికి ఆగుతుంది.

గంటస్తంభం:
లేదండీ, ఇప్పటికీ రోజూ తోటకి వెళ్తారు. జీడితోట పనంతా ఆయనే చూసుకుంటారు.

నాగావళి:
అయితే కదలిక లోటు కాదు. లోపం ఎక్కడుందో తేలకుండా మిషన్ మార్చడానికి నేను ఒప్పుకోను. చుట్టుకోకపోవడం వేరు, చుట్టుకున్నది నిలవకపోవడం వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

7ఎస్26లో రోటర్, అంటే చెయ్యి ఆడినప్పుడు తిరిగే బరువు, ఎటు తిరిగినా వాచీని నడిపే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. అది మ్యాజిక్ లివర్ పని. సీకో 1959 నుంచి వాడుతున్న పద్ధతి. లివర్‌కి రెండు కొక్కేలుంటాయి. ఒకటి చక్రాన్ని లాగుతుంది, ఇంకోటి నెడుతుంది, చక్రం మాత్రం ఒకవైపే తిరుగుతుంది. కొక్కెం అరిగినా, వంగినా, మురికి పట్టినా చుట్టుకోవడం తగ్గిపోతుంది. రోటర్ స్క్రూ వదులైనా ఇబ్బందే. అప్పుడు రోటర్ వెనక మూతకి రాసుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గరగరమని వినిపిస్తుంది, మూత లోపల గీతలు కూడా పడతాయి.

ఇక స్ప్రింగ్ సంగతి. ఆటోమేటిక్‌లో స్ప్రింగ్ కొస, అది ఉండే డబ్బా గోడకి బిగించి ఉండదు. నిండా చుట్టుకున్నాక జారాలి, లేకపోతే తెగుతుంది. ఆ గోడకి ప్రత్యేకమైన గ్రీజు రాస్తారు. అది పాడైతే స్ప్రింగ్ సగంలోనే జారిపోతుంది. అప్పుడు రోటర్ ఎంత బాగా తిరిగినా లాభం లేదు.

ఈ రెంటినీ విడదీసే పరీక్ష చాలా తేలిక. షాపులో వెనక మూత తీయించి, డబ్బా మీద ఉండే ర్యాచెట్ చక్రం (స్ప్రింగ్‌ని చుట్టే పళ్ల చక్రం) స్క్రూని గడియారం దిశలో ఏడెనిమిది చుట్లు తిప్పమనండి. స్ప్రింగ్ నిండుతుంది. తర్వాత వాచీని కదపకుండా వదిలేయండి. 40 గంటల దరిదాపుల్లో నడిస్తే స్ప్రింగ్ బాగున్నట్టే, లోపం చుట్టే భాగంలో ఉంది. ముందే ఆగితే డబ్బా, ఆయిలు చూడాలి. తర్వాత రోటర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పిస్తూ ర్యాచెట్ చక్రాన్ని భూతద్దంలోంచి చూడండి, రోటర్ ఎటు తిరిగినా అది కదలాలి. కదలిక చాలా కొంచెం ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఏడురోడ్లు:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ చేసేవాళ్లేరీ? మన దగ్గర చాలా షాపుల్లో సెల్ మార్చడం, బెల్టు వేయడమే పని. సర్వీసింగ్ అంటే మిషన్ విప్పకుండా పెట్రోల్లో ముంచి, రెండు చుక్కల ఆయిలు వేసి ఇచ్చేస్తారు. దానికంటే కొత్త మిషన్ నయం కదా?

నాగావళి:
పెట్రోల్లో ముంచే చోట ఇవ్వకూడదని నేనూ అంటాను. అలా చేస్తే డబ్బాలో గ్రీజు కూడా పాడవుతుంది, ఉన్న లోపానికి ఇంకోటి తోడవుతుంది. అందుకే ఇచ్చేముందు "స్ప్రింగ్ డబ్బా విప్పుతారా? లోపల ఏం రాస్తారు?" అని అడగండి. జవాబు తడబడితే వాచీ వెనక్కి తెచ్చేసుకోండి. మంచి చెయ్యి దొరికేదాకా అది బీరువాలో ఉన్నా నష్టం లేదు. గల్ఫ్‌లో కష్టపడి కొనుక్కున్న వాచీ అది, లోపల ఏముందో ఆయనకి లెక్కే. ఆయన మాటకి విలువివ్వాలి.

మార్చక తప్పదంటే మాత్రం పాత వారాల చక్రం తీయించి కొత్తదానికి వేయించండి. గల్ఫ్ సీకోల్లో చాలావాటికి వారం పేరు ఇంగ్లిషులోనూ అరబిక్‌లోనూ ఉంటుంది. ఆ చక్రం పోతే మళ్లీ వెతుక్కోవాలి.

గంటస్తంభం:
మూత తీయించి చూశాను. అరబిక్ చక్రమేనండి. రోటర్ ఒకవైపు తిరిగినప్పుడే ర్యాచెట్ చక్రం కదులుతోంది, రెండోవైపు అసలు కదలడం లేదు. మీరన్నట్టు స్క్రూ తిప్పి బల్ల మీద పెడితే మర్నాడు రాత్రి పడుకునేదాకా ఆగలేదు.

నాగావళి:
అయితే స్ప్రింగ్‌కి ఢోకా లేదు, ఒక కొక్కెం పట్టడం లేదంతే. లివర్ తీసి శుభ్రం చేయించండి, అరిగితే కొత్తది వేయించండి. చిన్న భాగమే.

ఏడురోడ్లు:
లివర్ ఒక్కటే అయితే అలాగే కానివ్వండి. స్ప్రింగ్ కూడా జారుతున్న వాచీకి మాత్రం నా మాట నాదే, మిషన్ మార్చడమే మంచిది.